టెక్ సందేహాలు: ఓవెన్ పట్టింది, ప్లగ్ పట్టలేదు

ప్రశ్న: పాత హాబ్ (గట్టులో బిగించే పొయ్యి) కింద కొత్త బిల్టిన్ ఓవెన్ పెట్టించాం. వెడల్పు, ఎత్తు కొలిచే కొన్నాం. తీరా చూస్తే పూర్తిగా లోపలికి వెళ్లకుండా మూడు సెంటీమీటర్లు బయటే ఆగిపోయింది. తప్పుడు సైజు పంపారా?

సైజు సరైనదే. ఓవెన్ వీపుకు ప్లగ్ అడ్డం పడింది. మాటలు మారుతుంటాయి గానీ ఈ ఫిర్యాదు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంది, ఎందుకంటే లోతు ఎవరూ కొలవరు. 60 సెంటీమీటర్ల ఓవెన్ ముఖం 595 మి.మీ. ఉంటుంది. లోపలికి వెళ్లే డబ్బా లోతు సుమారు 550. క్యాబినెట్ లోతు సాధారణంగా 560. అంటే వెనక మిగిలేది ఒక్క సెంటీమీటరు. గోడ సాకెట్లో ప్లగ్ దూర్చి, వైరు వంపు తిరిగేసరికి నాలుగైదు సెంటీమీటర్లు పోతాయి. మీ మూడు సెంటీమీటర్లు అక్కడే ఉన్నాయి.

ఇలాంటప్పుడు బిగించడానికి వచ్చినవాళ్లు భుజం ఆనించి ఒక్క తోపు తోస్తారు. ఆ పని చేయనివ్వకండి. నలిగిన వైరు ఇవాళే మాడదు, అదే దానితో చిక్కు. 3 కిలోవాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. వేడెక్కిన వీపును ఆనుకున్న వైరులోంచి గంటల కొద్దీ అంత కరెంటు పోతుంటే, 70 డిగ్రీల హద్దున్న మామూలు పీవీసీ తొడుగు కొన్నాళ్లకు గట్టిపడి, ఆపైన పగులుతుంది.

సాకెట్‌ను పక్క క్యాబినెట్లోకి మార్పించండి. మధ్య చెక్కకు ప్లగ్ దూరేంత రంధ్రం పెట్టి, అంచు వైరును కోయకుండా రబ్బరు గ్రామెట్ వేయించండి. ఓవెన్‌ను కదపకుండానే ప్లగ్ చేతికి అందాలి. ప్లగ్ లేకుండా నేరుగా వైరింగ్ చేస్తే ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంచే స్విచ్ అందుబాటులో ఉండాలి. లోపల మంట లేచినప్పుడు ఓవెన్‌ను బయటికి లాగి ప్లగ్ పీకడం ఎవరివల్లా కాదు.

లోతు సంగతి తేలితే ఎత్తు. గట్టు పలక మందం 30 మి.మీ., హాబ్ పైనుంచి కిందికి 55 మి.మీ. దిగుతుందనుకుందాం. పలక అడుగు నుంచి హాబ్ 25 మి.మీ. వేలాడుతున్నట్టు. క్యాబినెట్ ఎత్తు 720 అయితే, అడుగు చెక్క 18 పోగా లోపల 702 మిగులుతుంది. అందులో 595 ఓవెన్, 25 హాబ్ పోతే 82 మి.మీ. ఖాళీ. ధారాళంగానే ఉంది. ఇదే లెక్కను 715 మి.మీ. ఎత్తుండే డబుల్ ఓవెన్‌తో వేసి చూడండి, అడుగు చెక్క తీసేసినా 20 మి.మీ. చాలదు. హాబ్ గ్యాస్‌ది అయితే కింద వేలాడే ఎల్బోను (గొట్టాన్ని మలిపే వంపు ముక్కను) కూడా లెక్కలో వేసుకోవాలి. గ్యాస్ గొట్టం మాత్రం ఓవెన్ వెనక నుంచి పోకూడదు. దారి మార్చే పని గ్యాస్ మెకానిక్‌ది, వడ్రంగిది కాదు.

ఆ 82 మి.మీ. ఖాళీ వృథా కాదు, గాలికి దారి. ఓవెన్ పైభాగంలోని ఫ్యాన్ క్యాబినెట్లోని గాలిని పీల్చి, తలుపుకీ ప్యానెల్‌కీ మధ్య సందులోంచి వేడిగాలిని బయటికి ఊదుతుంది. వెనక చెక్క అలాగే ఉంచేస్తే పీల్చడానికి చల్లగాలే దొరకదు. ప్లగ్ మేరకు చిన్న కిటికీ కోసి సరిపెడుతున్నారు. అది చాలదు, వెనక చెక్క మొత్తం తీసేయాలి. అడుగు చెక్క వెనకంచున నాలుగైదు సెంటీమీటర్లు వదలాలి. కింద స్కర్టింగ్ పట్టీ పూర్తిగా మూసేసి ఉంటే దానికీ ఒక చీలిక పెట్టించాలి.

ఇండక్షన్ హాబ్ అయితే మరీ జాగ్రత్త. దాని ఎలక్ట్రానిక్స్ అంతా అడుగునే ఉంటుంది, అదీ కిందినుంచే గాలి పీలుస్తుంది. ఓవెన్ పెట్టాక హాబ్ మధ్యలో ఎర్రర్ చూపించి ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది హాబ్‌ను కాదు, ఆ సందును. రెండింటి మధ్య ఎంత వదలాలో హాబ్ మాన్యువల్లో ఉంటుంది, చాలావాటికి కనీసం 20 మి.మీ. కూలింగ్ ఫ్యాన్ లేని ఓవెన్‌ను ఇండక్షన్ కింద పెట్టొద్దు. పైరోలిటిక్ క్లీనింగ్‌లో (మురికిని వేడితోనే బూడిద చేసే పద్ధతి) లోపల 500 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి అది నడుస్తున్నంతసేపూ హాబ్ ఆపేయండి.

బరువు 30 నుంచి 40 కిలోలు ఉంటుంది, ఇద్దరు ఎత్తాలి. హ్యాండిల్ పట్టుకుని ఎత్తొద్దు. బరువు తగ్గించడానికి తలుపు తీసేటట్టయితే, దాన్ని పూర్తిగా తెరిచి రెండు కీళ్ల దగ్గరా ఉన్న చిన్న క్లిప్పులను ముందుకు తిప్పాకే తీయండి. క్లిప్పు పడకుండా లాగితే స్ప్రింగు కీలు ఠప్పున మూసుకుంటుంది, మధ్యలో వేలుంటే అంతే. లోపలికి జరిపాక పక్క అంచుల్లోని స్క్రూలు అన్నీ బిగించాలి. ఓవెన్ ఎలాగూ కదలదని వాటిని వదిలేసేవాళ్లున్నారు. తెరిచిన తలుపు మీద బరువైన ట్రే పెడితే ఓవెన్ మొత్తం ముందుకు ఒరుగుతుంది, ఆ స్క్రూలు అందుకే. పార్టికల్ బోర్డుకు ముందే సన్నని రంధ్రం పెట్టకపోతే అంచు చిట్లిపోతుంది.

ప్రశ్న: పాత ఓవెన్ పాడైంది, హాబ్ బాగానే ఉంది. ఓవెన్ ఒక్కటే మార్చొచ్చా?

హాబ్ నాబ్‌లు ఎక్కడున్నాయో చూసి చెప్పండి. హాబ్ మీదే ఉంటే నిక్షేపంగా మార్చొచ్చు. ఓవెన్ ముఖం మీద ఉంటే అవి రెండూ ఒకే జత. హాబ్‌కు కరెంటు, ఆజ్ఞలు ఓవెన్ పైభాగంలోని పిన్నుల కనెక్టర్ల ద్వారా వెళ్తాయి. ఆ కనెక్టర్లు కంపెనీకో రకం. ఓవెన్ పీకేస్తే పైన మిగిలేది గాజు పలకే. వైర్లు కలిపి ఏదో ఒకటి చేస్తానన్న ఎలక్ట్రీషియన్‌ను మర్యాదగా సాగనంపండి.

ప్రశ్న: కొత్త ఓవెన్ ఆన్ చేసిన పది నిమిషాలకు ఇల్లంతా కరెంటు పోతోంది. ఎర్త్ వైరు తీసేస్తే బాగానే పనిచేస్తోంది. అలా వాడొచ్చా?

వాడకూడదు. ఈ క్షణమే ఆపండి. ఎర్త్ తీశాక బాగుపడింది ఓవెన్ కాదు, హెచ్చరిక నోరు మూతపడింది. లీకయ్యే కరెంటు ఇప్పుడు ఓవెన్ రేకు మీద మీ చేతికోసం చూస్తోంది.

పడిపోతున్నది లోడు మించితే పడే ఎంసీబీనా, కరెంటు లీకైతే పడే ఆర్‌సీసీబీనా చూడండి. ఎంసీబీ అయితే లోడు ఎక్కువై ఉండొచ్చు. 7.4 కిలోవాట్ల ఇండక్షన్ హాబ్ ఒక్కటే 32 ఆంపియర్లు తీసుకుంటుంది, దానికి ఓవెన్‌ను కూడా తగిలించకూడదు. ఓవెన్‌కు 2.5 చదరపు మి.మీ. రాగి వైరుతో విడిగా 16 ఆంపియర్ల లైను లాగించండి. పడిపోయేది 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ అయితే తేమ కావచ్చు. హీటర్ గొట్టంలో తీగ చుట్టూ నింపే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమను పీల్చుకుంటుంది. గోడౌన్లో చాలాకాలం ఉన్న ఓవెన్లకు ఇది మామూలే. గ్రిల్‌తోనా, కింది హీటర్‌తోనా, ఏ మోడ్‌లో పడిపోతోందో గమనించి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఆ హీటర్‌ను కొలిపించండి. తేమైతే ఆరబెడితే పోతుంది, లేదంటే హీటర్ మార్చాలి. వారంటీలో ఉంటే విప్పకముందే కంపెనీకి చెప్పండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, ఓవెన్ మాత్రం వేడెక్కడం లేదు.

గడియారంలో టైము పెట్టండి, వేడెక్కుతుంది. చాలా ఓవెన్లు టైము పెట్టేదాకా హీటర్‌ను కదలనివ్వవు. సర్వీసువాళ్లు వచ్చి చేసి పోయేది కూడా ఇదే. అంకెలు మిణుకుమిణుకుమనడం తప్ప, 'ముందు టైము పెట్టు' అని ఒక్క ముక్క చూపించలేని డిజైనర్లను ఏమనాలి?

ప్రశ్న: ఓవెన్‌లో వైఫై ఉంది, యాప్‌తో కలవడం లేదు. రూటర్ పక్క గదిలోనే ఉంది.

ఇలాంటివి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌కే కలుస్తాయి. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండిటికీ ఒకే పేరుంటే 2.4కు వేరే పేరు పెట్టండి. వైఫై భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే డబ్ల్యూపీఏ2ను కూడా అనుమతించండి. జత చేసే కోడు స్టిక్కర్ కొన్నిటికి పక్క రేకు మీద ఉంటుంది, లోపలికి జరిపాక కనపడదు. ఇంకా బిగించనివాళ్లు ముందే ఫొటో తీసుకోండి.

కలపడం ఎలాగో చెప్పాను. అసలు కలపాలా? నాకైతే దీనికి రిమోట్ స్టార్ట్ ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. బల్బును ఎవరో దూరంనుంచి వెలిగిస్తే చిరాకు పడతాం. ఓవెన్‌ను వెలిగిస్తే? ఖాళీగా ఉంది కదాని అందులో ప్లాస్టిక్ డబ్బాలు, అట్టపెట్టెలు దాచే ఇళ్లు బోలెడు. హ్యాకరే రానక్కర్లేదు, జేబులో ఫోన్ నొక్కుకున్నా చాలు. హ్యాకర్ వచ్చినా మీ వైఫైని బద్దలు కొట్టుకుని రాడు. ఎప్పుడో ఏదో షాపింగ్ సైటుకు పెట్టి, అక్కడ లీకైన పాస్‌వర్డునే ఓవెన్ యాప్‌కూ పెట్టి ఉంటారు, దాంతో తలుపు తీసుకుని వస్తాడు.

సరైన ఓవెన్‌లో రిమోట్ స్టార్ట్‌కు ప్రతిసారీ ప్యానెల్ మీద బటన్ నొక్కి అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాత ఎవరైనా తలుపు తెరిస్తే ఆ అనుమతి రద్దవ్వాలి. మీది ఎలాంటిదో ఇప్పుడే చూసుకోండి. ఓవెన్ ఖాళీ చేసి, ప్యానెల్ మీద ఏదీ నొక్కకుండా ఫోన్ నుంచి 50 డిగ్రీలకు పెట్టండి. మొదలైందంటే దాన్ని వైఫై నుంచి తీసేయండి, మరో ఆలోచన వద్దు.

ఓవెన్ పదేళ్లకు పైగా పనిచేస్తుంది. దాని సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు ఎన్నాళ్లు వస్తాయో అట్టపెట్టె మీద వెతకండి, దొరికితే అదృష్టం. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, నెట్‌కు కలిసే పరికరం అమ్మేవాళ్లు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో ప్రకటించి తీరాలి, అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టకూడదు. అక్కడ కూడా ఎన్నేళ్లు ఇవ్వాలో చట్టం చెప్పలేదు, చెప్పిన మాట రాసి పెట్టమంది, అంతే. ఇక కొన్ని వంట మోడ్‌లను ప్యానెల్ మీదినుంచి తీసేసి యాప్‌లోకి మార్చే ధోరణి చూస్తే ఒళ్లు మండుతుంది. సర్వర్ మూసేసిన రోజున డబ్బిచ్చి కొన్న ఓవెన్‌లో సగం మాయమవుతుంది.

ఇప్పటికే కలిపేసినవాళ్లు దాన్ని గెస్ట్ నెట్‌వర్క్‌లోకి (అతిథులకిచ్చే విడి వైఫై) మార్చి, యాప్ ఖాతాకు వేరే పాస్‌వర్డు, ఉంటే రెండంచెల లాగిన్ పెట్టండి. వాయిస్ అసిస్టెంట్‌తో కలిపి ఉంటే ఆ ముడి విప్పేయండి. ఓవెన్ ఉన్న ఇల్లు చేతులు మారితే రెండు పనులూ జరగాలి: ప్యానెల్ నుంచి ఫ్యాక్టరీ రీసెట్, పాత యజమాని యాప్‌లోంచి ఓవెన్ తొలగింపు. మొదటిది కొత్తగా వచ్చినవాళ్లే చేసుకోవచ్చు. రెండోదానికి పాత యజమానికి ఫోన్ చేయండి, తాళాలు తీసుకునే రోజే.