ముసలి నక్షత్రం ఏడాదికి ఎంత కోల్పోతోంది?

ప్రశ్న: సూర్యుడిలాంటి నక్షత్రాలు చివరి దశలో తమ పదార్థాన్ని చాలావరకు అంతరిక్షంలోకి వదిలేస్తాయని చదివాను. అంత దూరాన జరిగే ఈ నష్టాన్ని ఇక్కడి నుంచి ఎలా లెక్కగడుతున్నారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒక నక్షత్రాన్ని తీసుకుని చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సింహరాశిలో మఖ నక్షత్రానికి పడమరగా, సుమారు 5 డిగ్రీల ఎడంలో సీడబ్ల్యూ లియోనిస్ ఉంది. దూరం దాదాపు 400 కాంతి సంవత్సరాలే అయినా అది కంటికి కనిపించదు; తాను వదిలిన మసిలాంటి కర్బన ధూళే దాన్ని కప్పేసింది. పరారుణ కాంతిలో మాత్రం దేదీప్యమానంగా వెలుగుతుంది.

ఇలాంటి నక్షత్రం ఉబ్బుతూ, కుంచించుకుంటూ ఉంటుంది. ఆ ఊపుకు పైకి లేచిన వాయువు చల్లబడి ధూళిరేణువులు ఏర్పడతాయి. నక్షత్రపు వెలుగు వాటిని బయటికి నెడితే, అవి వాయువును కూడా తమతో ఈడ్చుకుపోతాయి. ఆ వాయువులో అధిక భాగం హైడ్రోజనే. అయితే రెండు వైపులా ఒకేలా ఉండే హైడ్రోజన్ అణువు అంత చలిలో దాదాపు ఏ సంకేతమూ పంపదు కనుక, దానితో కలిసి ప్రయాణించే కార్బన్ మోనాక్సైడ్‌ను ఆశ్రయిస్తారు. ఈ అణువు గిరగిర తిరుగుతూ శక్తిలో అట్టడుగు మెట్టుకు దిగినప్పుడు 115.27 గిగాహెర్ట్జ్ వద్ద రేడియో తరంగాన్ని వెలువరిస్తుంది. ఈ నక్షత్రం దగ్గర ఆ తరంగాన్ని 1971లోనే పట్టుకున్నారు.

ఆ తరంగం తీవ్రతను పౌనఃపున్యాల వారీగా గీస్తే ఒక రేఖ వస్తుంది; అసలు సమాచారమంతా ఆ రేఖ రూపంలోనే ఉంది. మనవైపు వచ్చే వాయువు పౌనఃపున్యాన్ని కాస్త పెంచుతుంది, అవతలికి పోయేది తగ్గిస్తుంది. అందువల్ల సన్నని గీతగా ఉండాల్సిన రేఖ ఇరువైపులా సుమారు 5.5 మెగాహెర్ట్జ్ చొప్పున పరుచుకుంటుంది. దీన్నిబట్టి వాయువు సెకనుకు 14.5 కిలోమీటర్ల వేగంతో పోతోందని తేలుతుంది. టెలిస్కోప్ చూపులో నక్షత్రం చుట్టూ ఉన్న వాయుమండలం మొత్తం ఇమిడిపోయినప్పుడు, రేఖ తల గుండ్రంగా, బోర్లించిన బుట్టలా ఉంటే వాయువు దట్టంగా ఉన్నట్టు. చదునుగా ఉంటే పలచగా ఉన్నట్టు. వాయుమండలం చూపులో ఇమడనంత పెద్దదైతే పలచని వాయువు రేఖకు రెండు అంచుల్లో కొమ్ములు మొలుస్తాయి.

రేఖ తీవ్రత, వేగం, దూరం కలిపి లెక్కిస్తే ఈ నక్షత్రం ఏటా సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు 50,000వ వంతు, అంటే ఆరేడు భూగోళాలంత పదార్థం, కోల్పోతోంది. వేగాన్ని గట్టిగా నమ్మవచ్చు. ద్రవ్యరాశి అంకెను మాత్రం ‘సుమారు’ అన్న మాట తీసేసి వాడకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇలాంటి కర్బన నక్షత్రాల్లో ప్రతి వెయ్యి హైడ్రోజన్ అణువులకు ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు ఉంటుందన్న అంచనా మీద ఆ లెక్క ఆధారపడి ఉంది.

పైగా ఈ నష్టం ఎప్పుడూ ఒకే తీరున సాగదు. చిలీలోని అల్మా టెలిస్కోప్ ఇదే అణువు తరంగాలతో ఆర్ స్కల్ప్టోరిస్ అనే మరో ముసలి నక్షత్రాన్ని చిత్రించినప్పుడు, దాని చుట్టూ ఒక గుల్ల, ఆ గుల్లలోపల సర్పిలంగా చుట్టుకున్న వాయువు కనిపించాయి. ఆ సర్పిలం కంటికి కనిపించని తోడు నక్షత్రం ఉనికిని తెలిపింది. దాని చుట్లను వెనక్కి లెక్కగట్టి, సుమారు 1,800 ఏళ్ల క్రితం ఆ నక్షత్రం దాదాపు 200 ఏళ్లపాటు మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పదార్థాన్ని వెదజల్లిందని 2012లో ప్రకటించారు.