టెక్ సందేహాలు: సముద్రంలో ఈదే నాన్నకు ఏం కొనాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. విశాఖలో ఉంటారు. రిటైరయ్యాక వారానికి నాలుగు రోజులు తెల్లవారగానే రుషికొండ బీచ్‌లో ఈదుతున్నారు. వచ్చే నెల ఆయన పుట్టినరోజు. నీటిలో పాటలు వినడానికి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, ఎంత దూరం ఈదారో చెప్పే స్మార్ట్‌వాచ్ కొందామనుకుంటున్నాను. రెండూ కలిపి 15 వేలు దాటకూడదు. ఏవి మంచివి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇయర్‌ఫోన్ల ఆలోచన ముందుగా పక్కన పెట్టేయండి. తడిసి పాడవుతాయని కాదు, పాడవకపోయినా నీటిలో పాట రాదు. బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను. గాలిలో గది దాటి వెళ్లే ఈ తరంగాలను నీరు జానెడు దూరంలోపే మింగేస్తుంది. ఉప్పునీటిలో మరీ అన్యాయం. ఫోను ఒడ్డున సంచిలో, మీ నాన్నగారు అలల్లో ఉంటే ఆ రెండింటికీ మాట కలవదు. అందుకే ఈత కోసమే చేసిన ఇయర్‌ఫోన్లలో పాటలు దాచుకునే మెమరీ లోపలే ఉంటుంది, పాత ఎంపీ3 ప్లేయర్ మాదిరిగా. షాక్జ్ ఓపెన్‌స్విమ్ ఈ రకమే. చెవిలో దూరకుండా చెంప ఎముకకు ఆనుకుని, ఎముక ద్వారా శబ్దం పంపుతుంది. స్విమ్మింగ్ పూల్‌లో గోడ నుంచి గోడకు తిరిగేవారికి విసుగు తగ్గించే మంచి వస్తువే. సముద్రానికి మాత్రం నేను వద్దంటాను. లైఫ్‌గార్డు ఈల వేసినా, పక్క నుంచి పడవ ఇంజను వినిపించినా ఆయన చెవికి పాట అడ్డురాకూడదు.

ఇక వాచ్. పెట్టె మీద నీరు, దుమ్ము తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు మాత్రమే ఉంటే ఈతకు కొనకండి. అది నిలకడగా ఉన్న మంచినీటిలో చేసిన పరీక్ష. మీరు వెతకాల్సిన గుర్తు 5 ఏటీఎం. ఇది డబ్బులిచ్చే ఏటీఎం కాదు, అట్మాస్ఫియర్. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 5 ఏటీఎం అంటే 50 మీటర్ల లోతున కదలని నీటి ఒత్తిడి. అంత లోతుకు దూకమని అర్థం కాదు గానీ, పైపైన ఈదడానికి ఇది చాలు.

అసలు మెలిక వేరే ఉంది. తక్కువ ధర వాచీలలో చాలావాటికి పూల్ ఈత మాత్రమే తెలుసు. కొలను పొడవు ముందే చెబితే, ఎన్నిసార్లు వెనక్కి తిరిగారో చూసి గుణించి దూరం చెబుతాయి. సముద్రంలో తిరగడానికి గోడ ఏది? అక్కడ 'ఓపెన్ వాటర్' అనే ఈత పద్ధతి ఉండాలి, వాచ్‌లోనే సొంత జీపీఎస్ ఉండాలి. ఫోను జీపీఎస్‌ను అరువు తెచ్చుకునే వాచ్ ఇక్కడ దండగ. ఇంత చేసినా జీపీఎస్ సంకేతం కూడా నీటిలోకి దిగదు. చెయ్యి పైకి లేచిన ఆ అర క్షణంలో అందుకున్నదే లెక్క. ఫ్రీస్టయిల్‌లో పరవాలేదు. కప్పలా ఈదే బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మణికట్టు నీరు దాటి బయటికే రాదు. నేను ఒకసారి స్నేహితుడి వాచ్ పెట్టుకుని అదే రుషికొండలో అరగంట అలా ఈదాను. మ్యాప్ చూస్తే నా దారి ఇసుక దాటి, రోడ్డు దాటి, కొండెక్కి, మళ్లీ నీళ్లలోకి దిగింది.

కాబట్టి మీ డబ్బులో మొదటి వంతు టో ఫ్లోట్‌కు పెట్టండి. నారింజ రంగు గాలి సంచి ఇది. నడుముకు బెల్టు, బెల్టుకు ఒక పట్టీ, ఈదేవారి వెనకే తేలుతూ వస్తుంది. పల్లెల్లో బావిలో ఈత నేర్చుకునే పిల్లల నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టేవారు కదా, దాని మనవరాలు అనుకోండి. ఆ బుర్ర పిల్లవాణ్ణి తేల్చడానికి, ఈ సంచి పెద్దాయనను కనబడేలా చేయడానికి. జెట్ స్కీలు తిరిగే చోట అలల మధ్య ఒక తల దూరం నుంచి ఎవరికీ ఆనదు, నారింజ రంగు ఆనుతుంది. నీలం రంగుది మాత్రం, ఎంత అందంగా ఉన్నా, కొనకండి. ఇది లైఫ్ జాకెట్‌కు బదులు కాదని నాన్నగారికి చెప్పడం మరవవద్దు.

కొన్ని రకాల్లో వస్తువులు పెట్టుకునే పొడి అర కూడా ఉంటుంది. అలాంటిదే తీసుకోండి. ఫోను అందులో పెడితే అది ఎప్పుడూ నీటి పైనే తేలుతుంది కాబట్టి జీపీఎస్ చక్కగా అందుతుంది, వాచ్ కంటే శుభ్రమైన దారి గీస్తుంది. తీరం దగ్గర మొబైల్ సిగ్నల్ ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ పెడితే నాన్నగారు ఎంతవరకు వెళ్లారో హైదరాబాద్‌లో కాఫీ తాగుతూ మీరు చూడవచ్చు. ఫోనును నేరుగా ఆ అరలో పడేయకుండా విడిగా వాటర్‌ప్రూఫ్ కవరులో పెట్టి దాచాలి. ఆ కవరును ముందు ఇంట్లో పరీక్షించండి: లోపల ఒక టిష్యూ కాగితం పెట్టి, బకెట్ నీళ్లలో ముంచి, పైన బరువుగా నీళ్ల చెంబు పెట్టి అరగంట ఆగండి. కాగితం మూల ఒక్కటి మెత్తబడినా కవరు వాపసు పంపేయండి.

మిగిలిన డబ్బుతో వాచ్ కొంటారో, అద్దం పూత ఉన్న గాగుల్స్ కొంటారో మీ ఇష్టం. నేనైతే గాగుల్సే కొంటాను. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు, పొద్దున్నే లోపలికి ఈదేవారికి ఎండ నేరుగా కళ్లలో పడుతుంది.

పైసా ఖర్చు లేనిది ఇంకొకటి. మీ ఊళ్లోనే ప్రగతినగర్‌లో ఉన్న జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దేశమంతటికీ సముద్రపు అలల అంచనాలు, ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది. వారి 'సముద్ర' యాప్‌ను నాన్నగారి ఫోనులో మీరే వేసి, ఎలా చూడాలో పక్కన కూర్చుని చూపించండి. విరిగే అలల నడుమ ఒక చోట మాత్రం నీరు ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగవద్దని కూడా చెప్పండి. చాలాసార్లు అది నీటిని లోపలికి లాగే ప్రవాహం. పొరపాటున చిక్కుకుంటే దానికి ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈదాలి.

ప్రశ్న: తమ్ముడు గోదావరి కాలువలో దూకుతూ వీడియోలు తీస్తానంటే గోప్రో కొనిస్తున్నాను. వాటర్‌ప్రూఫ్ పెట్టె కూడా కొనాలా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అక్కర్లేదు. 2016లో వచ్చిన హీరో5 నుంచి ఆ ప్రధాన వరుస కెమెరాలు పెట్టె లేకుండానే 10 మీటర్ల లోతు వరకు తట్టుకుంటాయి. బ్యాటరీ మూత రబ్బరు అంచున ఇసుక రేణువు గానీ వెంట్రుక గానీ ఇరుక్కుంటే మాత్రం ఆ భరోసా పోయినట్టే, మూసే ముందు వేలితో తుడవమనండి. కెమెరా నీటిలో తేలదు, రాయిలా మునుగుతుంది. కాబట్టి పెట్టె డబ్బులతో తేలే హ్యాండిల్ కొనండి, నారింజ రంగుది. వరదల కాలంలో ఎర్రనీరు వస్తే ఏ కెమెరాకూ జానెడు దూరం కూడా కనబడదు. ఆ నీటిలో దూకకపోవడమే మేలు కూడా.

ప్రశ్న: చెరువులో ఈదుతుంటే జేబులో ఫోను తడిసింది. ఛార్జింగ్ పెట్టబోతే తడి ఉందని హెచ్చరిక వస్తోంది. బియ్యంలో పెట్టమంటున్నారు.
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బియ్యం వండుకోండి. ఆ పొడి, నలకలు పోర్టులో చేరి కొత్త తంటా తెస్తాయి, ఆపిల్ సంస్థ కూడా వద్దనే చెబుతోంది. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతిలో మెల్లగా తట్టి, ఫ్యాను గాలికి వదిలేయండి. హెచ్చరిక పోయేదాకా కేబుల్ పెట్టవద్దు.

ప్రశ్న: మా ఆవిడ డబ్లిన్‌లో ఫార్టీ ఫుట్ అనే తీరపు ఈత స్థలం దగ్గర చలికాలంలోనూ సముద్రంలో ఈదుతుంది. బ్యాటరీతో వేడెక్కే జాకెట్ బహుమతిగా ఇవ్వనా?
— ఒక పాఠకుడు, ఐర్లండ్

జవాబు: ఒళ్లంతా ఉప్పునీరు కారుతున్న మనిషికి బ్యాటరీ జాకెట్ తొడగడం నాకు నచ్చదు. అక్కడి సముద్రం చలికాలంలో 10 డిగ్రీల కిందకు దిగుతుంది, అంటే ఫ్రిజ్‌లో నీళ్ల కంటే కాస్త నయం. పైగా బయటికి వచ్చాక కూడా కొంతసేపు ఒంటి వేడి తగ్గుతూనే ఉంటుంది. ఆ సమయంలో త్వరగా తుడుచుకుని పొడి బట్టల్లోకి మారడం ముఖ్యం. లోపల ఉన్ని మెత్తదనం, బయట గాలి చొరని గుడ్డ ఉన్న వదులైన పొడవాటి అంగీలు దొరుకుతాయి, వాటి లోపలే బట్టలు మార్చుకోవచ్చు. గాడ్జెట్ ఇచ్చిన తృప్తి కూడా కావాలంటే నీటిలో తేలే థర్మామీటర్ చేర్చండి. వాచ్ చూపే నీటి ఉష్ణోగ్రతలో మణికట్టు వేడి కలిసిపోతుంది. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి అది చెప్పే గుండె వేగాన్ని కూడా నమ్మలేం.

అల్లం టీకి మంచి ఫ్లాస్కు కూడా కొనండి. నీటిలోంచి వచ్చిన వేళ్లు మొద్దుబారి ఉంటాయి. కాబట్టి దుకాణంలోనే మందపాటి చేతి తొడుగులు వేసుకుని మూత తిప్పి చూడండి, తెరుచుకుంటేనే డబ్బు కట్టండి.