అమెరికాలో ఉద్యోగం పోయినప్పుడు ఫుడ్ బ్యాంక్‌కి వెళ్ళొచ్చా? మా ఐదు నెలల అనుభవం

మీరు అడిగింది ఇదీ: డల్లాస్ దగ్గర ఉంటున్నారు, మీవారి ఉద్యోగం పోయి రెండు నెలలైంది, ఇద్దరు పిల్లలు, దాచుకున్నదంతా అద్దెకే పోతోంది. ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంక్ వాళ్ళు మనలాంటివాళ్ళకి ఇస్తారా, ఏం కాగితాలు అడుగుతారు, నడుస్తున్న గ్రీన్‌కార్డు ఫైలుకి ఏమైనా ఇబ్బందా, వెళ్తే అడుక్కున్నట్టు ఉండదా?

వెళ్ళండి. వచ్చే వారం దాకా కూడా ఆగకండి.

మీరు రాసిన పరిస్థితిలోనే 2023లో మేమున్నాం. డల్లాస్ పక్కనే ప్లానోలో అద్దె ఇల్లు, ఆరేళ్ళ పాప, రెండేళ్ళ బాబు. మా ఆయన పనిచేసే కంపెనీలో ఒక్క రోజులో టీమ్ మొత్తాన్నీ తీసేశారు. నాకప్పుడు ఉద్యోగం లేదు. మూడో నెల నుంచి ఐదు నెలల పాటు మా ఇంట్లో సగానికి పైగా సరుకులు ఫుడ్ బ్యాంక్ నుంచి వచ్చినవే. ఆయనకి మళ్ళీ ఉద్యోగం వచ్చాక అదే ఫుడ్ బ్యాంక్ గోడౌన్‌లో వాలంటీర్‌గా చేస్తున్నాను. అందుకే తీసుకునే వైపు, సర్దిపెట్టే వైపు రెండూ చూసి చెబుతున్నాను.

నేను చేసిన పెద్ద తప్పు మూడో నెల దాకా వెళ్ళకపోవడం. అద్దె తగ్గదు. కారు వాయిదా తగ్గదు, ఇన్సూరెన్స్ తగ్గదు. ఇంటి ఖర్చుల్లో మన చేతిలో ఉండేది ఒక్క తిండే. ముందు పళ్ళు మానేశాం. తర్వాత పిల్లల పెరుగు కప్పులు. తర్వాత నేను మధ్యాహ్నం అన్నం మానేసి, మా ఆయన అడిగితే ఆకలి లేదనేదాన్ని. మిగతా కిరాణా క్రెడిట్ కార్డు మీద. ఒకరోజు బాబు పాలసీసాలో నీళ్ళు కలుపుతూ, సగానికి సగం పోయాలా, మూడో వంతు చాలా అని కొలత చూసుకుంటున్నాను. కొలిచి కలపడం దాకా వచ్చానని అప్పుడు గానీ తెలియలేదు. ఆ మధ్యాహ్నమే 211కి ఫోన్ చేశాను. టెక్సస్‌లో ఎక్కడినుంచైనా ఆ నంబర్‌కి చేసి పిన్‌కోడ్ చెబితే, దగ్గర్లో ఎక్కడ, ఏ రోజు, ఏ టైమ్‌లో ఇస్తారో చెబుతారు. ఫుడ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో కూడా పిన్‌కోడ్ కొట్టి చూసుకోవచ్చు.

పేరులో బ్యాంక్ అని ఉన్నా మామూలుగా మీరు వెళ్ళేది బ్యాంక్‌కి కాదు, దాని కింద ఉండే పాంట్రీకి. మన దగ్గర సివిల్ సప్లైస్ గోడౌన్‌కీ, రేషన్ షాపుకీ ఉన్న సంబంధమే వీటి మధ్య కూడా ఉంటుంది. ఇక్కడి గోడౌన్ నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంక్. 1982లో మొదలైంది, ప్లానోలో ఉంది. అక్కడినుంచి సరుకు లారీల్లో చర్చిలకీ, స్కూళ్ళకీ, సేవాసంస్థలకీ వెళ్తుంది. పంచిపెట్టేది వాళ్ళు. ఒక్కో ఫుడ్ బ్యాంక్‌కి ఇన్ని కౌంటీలని లెక్క ఉంటుంది. ఫోర్ట్‌వర్త్ వైపు వేరే ఫుడ్ బ్యాంక్ చూసుకుంటుంది. ఇలాంటివి దేశం మొత్తం మీద దాదాపు 200 ఉన్నాయి, వీటన్నిటినీ ఫీడింగ్ అమెరికా అనే సంస్థ కలిపి ఉంచుతుంది.

ఈ పద్ధతికి ఆలోచన ఇచ్చింది ఎవరో తెలిశాక నాకు మనసు కాస్త తేలికపడింది. అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన పేదలకి భోజనం పెట్టే చోట వాలంటీర్‌గా ఉండేవారు. పదిమంది పిల్లల తల్లి ఒకామె కిరాణా దుకాణాల వెనక పారేసిన వాటిలోంచి బాగున్నవి ఏరుకుని ఇంటిని నడుపుతోందని ఆయనకి తెలిసింది. వీటిని పారేయకుండా బ్యాంకులో డబ్బులాగా ఒకచోట దాచి, కావలసినవాళ్ళు తీసుకునేలా చేస్తే బాగుంటుందని చెప్పింది ఆమే. 1967లో సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ అలా పుట్టింది. అంటే దీన్ని ఊహించింది ఒక ధర్మదాత కాదు, పిల్లలకి ఏం పెట్టాలో తెలియక తిరిగిన తల్లి.

ఇప్పుడు గోడౌన్‌లోకి సరుకు నాలుగు దారుల్లో వస్తుంది. సూపర్ మార్కెట్లలో డేట్ దగ్గరపడినవి. కంపెనీల్లో లేబుల్ తప్పుపడినవి, ఎక్కువ తయారైనవి. రైతుల దగ్గర సైజు సరిగ్గా రాని కూరగాయలు, పళ్ళు. నాలుగోది, కేంద్ర వ్యవసాయ శాఖ టీఫాప్ అనే పథకం కింద కొని పంపేవి. ఇవి చాలక ఫుడ్ బ్యాంక్ సొంత డబ్బుతోనూ కొంటుంది. మంచి మనసుతో ఇచ్చిన ఆహారం వల్ల పొరపాటున ఏదైనా జరిగితే ఇచ్చినవాళ్ళ మీద కేసు పడకుండా 1996లో ఒక చట్టం చేశారు. దుకాణాలవాళ్ళు కేసుల టెన్షన్ లేకుండా ఇవ్వగలగడానికి అదొక కారణం.

"మిగిలిపోయినవి మనకి పడేస్తారు" అని మా అత్తగారు ఫోన్‌లో బాధపడ్డారు. గోడౌన్‌లో నిలబడ్డాక ఆ మాట నిజం కాదని తెలిసింది. మా షిఫ్ట్‌లో డబ్బాలు బెల్టు మీద వస్తుంటే ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూస్తాం. పక్కన చిన్న సొట్ట ఉంటే పర్వాలేదు. మూత అంచు దగ్గర, అతుకు మీద సొట్ట ఉంటే పక్కన పెట్టేయాలి. ఉబ్బిన డబ్బా అయితే మారు మాట లేదు. చాలా డబ్బాల మీద ఉండే "బెస్ట్ బై" తేదీ రుచికి సంబంధించింది, ఆ రోజు దాటగానే పాడైపోయిందని కాదు. పసిపిల్లల ఫార్ములా పాలపొడికి మాత్రం తేదీ దాటితే దాటినట్టే, దాన్ని ఎవరికీ ఇవ్వరు. నా పక్కన నిలబడే రిటైర్డ్ టీచర్ ఒకావిడ ప్రతి డబ్బానీ తన మనవలకి పెట్టబోతున్నట్టే చూస్తుంది. తేడాగా అనిపిస్తే నాకు కూడా చూపించి, ఇద్దరం ఒప్పుకుంటేనే పెట్టెలో వేస్తుంది. ఇక్కడి లెక్కలో 1.2 పౌండ్లు, అంటే అర కిలో పైన, ఒక పూట భోజనం. పెట్టె మూసేటప్పుడు ఇందులో ఎన్ని పూటలున్నాయో మనసులో లెక్క వేసుకుంటాను.

ఇక మొదటి రోజు. గురువారం పొద్దున ఒక చర్చి పార్కింగ్‌లో కార్ల వరస. నాకన్నా ముందు పాతిక కార్లు. పాత కార్లూ ఉన్నాయి, మాలాంటి హోండాలూ ఉన్నాయి. తెలిసినవాళ్ళు చూస్తారేమోనని స్వెటర్ టోపీ మీదికి లాక్కుని కూర్చున్నాను. ఒక పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చి పేరు, పిన్‌కోడ్, ఇంట్లో ఎంతమంది అని అడిగాడు. నెలకి ఆదాయం ఎంత అని అడిగి, నేను చెప్పింది రాసుకున్నాడు. పే స్లిప్ అడగలేదు, సోషల్ సెక్యూరిటీ నంబర్ అడగలేదు, ఏ వీసా అని అడగలేదు. అద్దం మీద 4 అని రాసి, డిక్కీ తెరవమన్నాడు. అంతే. నేను కారు దిగనే లేదు. ఇంటికొచ్చి చూస్తే బంగాళాదుంపల సంచి, పాల క్యాన్, కోడిగుడ్లు, బియ్యం, పీనట్ బటర్, యాపిల్స్, ఒక పెద్ద ఆవాకు కట్ట, ఇంకా ఎండు బొబ్బర్లు. టెక్సస్‌వాళ్ళు వాటిని బ్లాక్ ఐడ్ పీస్ అంటారు, ఇష్టంగా తింటారు. నేను ఆ రాత్రే నానబోసి, మర్నాడు ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వడలు చేశాను. ఆవాకు పప్పులో వేశాను. కొంచెం చేదుంది కానీ చింతపండు పడితే సర్దుకుంది. పాప నాలుగు వడలు తింది.

అన్ని పాంట్రీలూ ఇలాగే ఉండవు. కొన్నిచోట్ల చిన్న దుకాణంలా అలమరాల్లో పెట్టి, మీకు కావలసినవి మీరే తీసుకోమంటారు. శాకాహారులైతే అలాంటిది వెతుక్కోండి. కట్టిన పెట్టె ఇచ్చేచోట ట్యూనా డబ్బాలు, చికెన్ వస్తాయి. వద్దనుకుంటే అక్కడే వెనక్కి ఇచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు, తర్వాతి కారుకి వెళ్తాయి. నేను వెళ్ళిన ఒకచోట మాత్రం ఒకామె పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు తెమ్మని నలుగురిలో గట్టిగా మాట్లాడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పాంట్రీకి మళ్ళీ వెళ్ళలేదు, ఇంకోదానికి వెళ్ళాను. మీకూ అలా జరిగితే అదొక్క చోటు సంగతి అనుకోండి, అక్కడితో ఆగిపోకండి.

గ్రీన్‌కార్డు విషయం. మాకూ ఫైలు పెండింగ్‌లో ఉండేది, "పబ్లిక్ చార్జ్", అంటే ప్రభుత్వం మీద ఆధారపడి బతికేవాళ్ళని గ్రీన్‌కార్డు ఆపేస్తారు అనే మాట విని రెండు రాత్రులు నిద్రపోలేదు. లాయర్ చెప్పింది ఇదీ: 2022 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం చూసేది ప్రభుత్వం నుంచి జీవనానికి తీసుకునే నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం నర్సింగ్ హోమ్ లాంటి సంస్థల్లో ఉండటం. పాంట్రీలో తెచ్చుకున్న బియ్యం, పప్పు ఆ లెక్కలోకి రావు. అయితే ఆ నిబంధనని ఎత్తేయాలని 2025 నవంబర్‌లో ప్రతిపాదన పెట్టారు కాబట్టి, మీ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టి ఇప్పుడు ఎలా ఉందో రాతలో తీసుకోండి. స్నాప్, అంటే ఫుడ్ స్టాంపులు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు, పూర్తిగా వేరే సంగతి. దానికి అర్హత నిబంధనలున్నాయి, లాయర్‌ని అడగకుండా అప్లై చేయకండి.

స్నాప్ గురించి ఇంకో మాట. 2025 అక్టోబర్ 1న నిధులు మంజూరు కాక కేంద్ర ప్రభుత్వం మూతపడి నవంబర్ మొదట్లో స్నాప్ డబ్బు ఆగిపోయినప్పుడు నేను పాంట్రీలో సాయం చేస్తున్నాను. దేశంలో దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది ఆ డబ్బు మీద ఆధారపడతారు. మా పార్కింగ్ వరస రోడ్డు మీదికి వెళ్ళింది. ఆస్పత్రి యూనిఫాంలో వచ్చినవాళ్ళున్నారు, డెలివరీ బ్యాగుతోనే వచ్చినవాళ్ళున్నారు. ఉద్యోగం చేస్తూ కూడా చాలనివాళ్ళే ఎక్కువ. ఏటా వేసవిలోనూ ఇంతే. స్కూల్లో దొరికే మధ్యాహ్న భోజనం ఆగిపోగానే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు వస్తారు.

అడుక్కున్నట్టు ఉండదా అన్నారు. మాది కోనసీమ. ఇంటికి వచ్చినవాళ్ళకి అన్నం పెట్టకుండా పంపకూడదని చెప్పడానికి మా అమ్మమ్మ డొక్కా సీతమ్మగారి కథే చెప్పేది. చిన్నప్పటినుంచి ఆ కథ పెట్టే చేతి వైపు నుంచే విన్నాను. ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చుని తిన్నవాళ్ళు ఏమనుకున్నారో ఎవరూ చెప్పలేదు. గుడిలో అన్నదానం బంతిలో కూర్చున్నప్పుడు నాకెప్పుడూ సిగ్గు వేయలేదు, ఎందుకంటే పక్కన అందరూ కూర్చుంటారు. ఆ పార్కింగ్‌లో కూడా అందరూ ఉన్నారు. మూడోసారి వెళ్ళినప్పుడు టోపీ వేసుకోలేదు.

అవసరం లేకుండా ఫ్రీ సరుకులు ఎలా తెచ్చుకోవాలో వీడియోలు పెట్టేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. కానీ ఇలా భయపడుతూ అడిగేవాళ్ళు ఆ జాబితాలో ఉండరు. మీ మనసులో బాకీగా ఉంటే, నిలదొక్కుకున్నాక తీర్చడానికి దారులున్నాయి. ఈ ప్రాంతంలోనే భారతీయులు 2017లో హంగర్ మిటావో అని మొదలుపెట్టి ఫుడ్ బ్యాంక్‌కి డబ్బు కూడగడుతున్నారు, గోడౌన్‌లో షిఫ్టులు చేస్తున్నారు. ఇవ్వగలిగినప్పుడు డబ్బాల కన్నా డబ్బే ఇవ్వండి. లారీల లెక్కన కొంటారు కాబట్టి మన డాలర్ అక్కడ ఎక్కువ పనిచేస్తుంది. అదంతా తర్వాత. మీ ఊళ్ళో చదువుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎవరైనా ఇబ్బందిలో ఉంటే, చాలా యూనివర్సిటీల్లో లోపలే పాంట్రీ ఉంటుందని చెప్పండి. రిచర్డ్‌సన్‌లోని యూటీ డల్లాస్‌లో కూడా ఉంది.

వెళ్ళేటప్పుడు ఫొటో ఐడీ, అడ్రస్ ఉన్న కరెంటు బిల్లు దగ్గర ఉంచుకోండి, కొన్నిచోట్ల అడుగుతారు. డిక్కీ ఖాళీ చేసుకోండి. పాలు, గుడ్లు ఇస్తారు కాబట్టి ఐస్ బాక్స్ ఒకటి పెట్టుకోండి, ఇక్కడి ఎండకి ఇంటికి చేరేలోపు పాడవుతాయి. మొదలయ్యే టైమ్‌కి అరగంట ముందు వెళ్ళండి, కూరగాయలు ముందు వచ్చినవాళ్ళకే బాగా దొరుకుతాయి. మొదటిసారి ఒక్కరే వెళ్ళడానికి కాళ్ళు రాకపోతే ఇక్కడే మెసేజ్ పెట్టండి. గురువారం పొద్దున నేను ఖాళీయే, మీ కారులో పక్కన కూర్చుంటాను.