తడబడే క్వార్టర్‌బ్యాక్‌కి ఇంకో సీజన్ ఇవ్వాలా? బ్రైస్ యంగ్ విషయంలో షార్లట్‌లో నేను చూసింది

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసురుతూ జట్టు దాడిని నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. రెండేళ్లుగా తడబడుతున్న క్వార్టర్‌బ్యాక్‌ని ఇంకో సీజన్ ఉంచుకోవాలా, వదిలించుకుని కొత్తవాణ్ణి తెచ్చుకోవాలా అన్నది ప్రశ్న. ఉంచుకోవాలనే అంటాను. అతని ముందు నిలబడి కాపాడే లైన్ కుదిరి, పైన ఒకే కోచ్ నిలిచి, కనీసం ఒక సీజన్ ఆడితే గానీ ఎవరి సత్తా ఎంతో తెలియదు. నేనుండేది షార్లట్‌లో. మా ఊరి NFL జట్టు పాంథర్స్ ఆటలు స్టేడియంకి వెళ్లి చూస్తుంటాను కాబట్టి ఆ జట్టు సంగతే చెబుతాను.

2023లో క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ని డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, మొదటి పిక్‌తో (మొదటి వంతుతో) తీసుకున్నారు. ఆ పిక్ కోసం షికాగో జట్టుకి రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు ఇచ్చారు. అవి చాలవన్నట్టు, జట్టులో ఉన్న మంచి రిసీవర్ డీజే మూర్‌ని కూడా ఇచ్చేశారు. అంటే కుర్రాడు వచ్చేసరికే బంతి అందుకోవాల్సినవాడు లేడు. లైన్‌లో ఆడే గార్డులు గాయాలపాలై వారం వారం మనుషులు మారారు. ప్లేలు పిలిచే బాధ్యత, అంటే ప్రతిసారీ ఏ ఎత్తు వేయాలో చెప్పే పని, సీజన్ మధ్యలో మూడుసార్లు చేతులు మారింది. 11 ఆటలు కాగానే హెడ్ కోచ్ ఫ్రాంక్ రైక్‌ని తీసేశారు. యంగ్‌ని 62 సార్లు సాక్ చేశారు, అంటే బంతి విసిరేలోపే పడగొట్టారు. జట్టు 2-15తో, అంటే రెండు గెలుపులు, పదిహేను ఓటములతో ముగిసింది. ఇంత జరిగాక తప్పంతా ఒక్క కుర్రాడి నెత్తిన వేయడం అన్యాయం.

అలాగని అతని తప్పేమీ లేదని కూడా అనను. 2024లో కోచ్‌గా డేవ్ కనాలెస్ వచ్చాడు. రాబర్ట్ హంట్, డేమియన్ లూయిస్ అనే ఇద్దరు గార్డులకి పెద్ద మొత్తాలిచ్చి తెచ్చారు. అయినా మొదటి రెండు ఆటలూ ఘోరంగా పోయాయి. ఛార్జర్స్ చేతిలో 26-3తో ఓడిన రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను. ఆ రోజు యంగ్ విసిరింది మొత్తం 84 యార్డులు. స్నాప్ (ఆట మొదలుపెడుతూ వెనక్కి అందించే బంతి) అందుకుని వెనక్కి వచ్చాడంటే చాలు, అతని చూపు రిసీవర్ల మీంచి జారి మీదికొస్తున్న డిఫెండర్ల మీద పడేది. పాదాలు నేల మీద నిలిచేవి కావు. జనం గోల చేశారు. తర్వాతి వారం బెంచ్ మీద కూర్చోబెట్టారు. అదే లైన్‌తో, అదే రిసీవర్లతో రెండో క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ వెళ్లి రైడర్స్ మీద 36-22తో గెలిపించాడు. యంగ్‌ని అమ్మేయాలనేవాళ్లకి ఇంతకంటే బలమైన వాదన లేదు, నేనూ ఒప్పుకుంటాను.

కానీ కథ అక్కడ ఆగలేదు. డాల్టన్‌కి కారు ప్రమాదంలో బొటనవేలికి దెబ్బ తగలడంతో అక్టోబరు చివర యంగ్ మళ్లీ ఆడాల్సి వచ్చింది. నవంబరులో చీఫ్స్‌తో జరిగిన ఆట చూశాక నా అభిప్రాయం గట్టిపడింది. డిఫెండర్లు పక్కల నుంచి వస్తుంటే వెనక్కి పరిగెత్తకుండా ఒక అడుగు ముందుకు వేసి, పాకెట్‌లో (లైన్ చుట్టూ కాపుకాసే చోట) నిలబడి, తల ఎత్తే ఉంచి విసిరాడు. చివరి రెండు నిమిషాల్లో 27-27కి లాక్కొచ్చాడు. ఆఖరి ఫీల్డ్ గోల్‌తో చీఫ్స్ గెలిచారు, అది వేరే సంగతి. సెప్టెంబరులో చూసిన కుర్రాడు, నవంబరులో చూసిన కుర్రాడు ఒకడేనా అనిపించింది. సీజన్ చివరి ఆటలో ఫాల్కన్స్ మీద 44-38తో ఓవర్‌టైమ్‌లో గెలిచినప్పుడు మూడు టచ్‌డౌన్లు విసిరాడు, రెండు తానే పరిగెత్తి సాధించాడు.

మా ఊరివాళ్లకి ఈ విషయంలో ఇంకో గాయం ఉంది. ఇంతకుముందు మా క్వార్టర్‌బ్యాక్‌లుగా ఉన్న ఇద్దరిలో బేకర్ మేఫీల్డ్‌ని 2022లో సీజన్ మధ్యలోనే వదిలేశాం. శామ్ డార్నాల్డ్‌ని ఆ సీజన్ అయ్యాక పోనిచ్చాం. మేఫీల్డ్ టాంపాకి వెళ్లి 2024లో 41 టచ్‌డౌన్లు విసిరాడు. డార్నాల్డ్ అదే ఏడాది మిన్నెసోటాతో 14 ఆటలు గెలిచాడు, తర్వాత సియాటెల్‌తో సూపర్ బౌలే కొట్టాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, సరిగ్గా అలాగే చేశాం. 2023లో టాంపాలో మేఫీల్డ్‌ని నిలబెట్టిన అఫెన్స్ కోఆర్డినేటర్ (దాడిని చూసుకునే కోచ్) ఈ కనాలెసే. అలాంటి కోచ్‌ని తెచ్చుకుని, అతని చేతికి అందిన కుర్రాణ్ణి ఏడాది తిరక్కుండా పంపేస్తే ఆ కోచ్‌ని తెచ్చుకున్నదెందుకు?

డబ్బు లెక్క కూడా చూడండి. ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్న రూకీకి (కొత్త ఆటగాడికి) నాలుగేళ్ల కాంట్రాక్ట్ ఉంటుంది. యంగ్‌ది దాదాపు 38 మిలియన్ డాలర్లు, మొత్తం గ్యారంటీ. వదిలేసినా ఆ డబ్బు క్యాప్ మీద, అంటే జట్టు జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి మీద, పడుతుంది, పైగా కొత్తవాడికి వేరే ఇవ్వాలి. ఉంచుకోవడమే చవక.

అందరికీ ఇదే వర్తించదు. జెట్స్ తమ క్వార్టర్‌బ్యాక్ జాక్ విల్సన్‌ని మూడో ఏడాది (2023) కూడా ఉంచుకున్నారు. అతని స్థానంలో తెచ్చుకున్న ఆరన్ రాజర్స్‌కి మొదటి ఆటలోనే గాయమై విల్సన్ ఆడాల్సి వచ్చినా ఆట మెరుగుపడలేదు. అంతకుముందు ఏడాది 2022లో 10-3తో ఓడాక, బాగా ఆడిన మీ డిఫెన్స్‌కి మీరు అన్యాయం చేశారనుకుంటున్నారా అని విలేకరులు అడిగితే లేదన్నాడు. బెంచ్ మీద కూర్చుని వచ్చినవాడిలో మార్పు కనిపించకపోతే ఇంకో సీజన్ ఇవ్వడం దండగ. అందుకే మొత్తం గణాంకాలు కాకుండా, సీజన్ చివరి ఏడెనిమిది ఆటలు మళ్లీ పెట్టుకుని చూడమంటాను. అందులో పాస్ ఎంత దూరం వెళ్లిందని కాదు, ఒత్తిడిలో అతని కళ్లు ఎటున్నాయో చూడండి.

యంగ్‌ని ఉంచుకున్నందుకు 2025లో ఫలితం దక్కింది. ఫాల్కన్స్ మీద 448 యార్డులు విసిరి పాంథర్స్ రికార్డు బద్దలుకొట్టాడు. జట్టు 8-9తోనే అయినా డివిజన్ గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది, ర్యామ్స్‌తో 34-31 దాకా పోరాడింది. అయినా చాలా ఆటల్లో 200 యార్డులు కూడా దాటలేదు. కాబట్టి ఇంకో సీజన్ ఇమ్మంటాను గానీ, ఇప్పుడే ఐదేళ్ల భారీ కాంట్రాక్ట్ మాత్రం రాయొద్దంటాను.