సివిల్ తర్వాత ప్లానింగ్ చదివించొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో ఏడాది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటే వినడం లేదు. మెట్రో, బస్సులు, వాటి చుట్టూ నగరం ఎలా పెరగాలనే ప్లానింగ్ చదువుతానంటోంది. ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, ఎల్బీ నగర్

జవాబు: ఉంటాయండీ. కాకపోతే సర్కారు కొలువులు తక్కువ, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూడాలి. ఎక్కువమంది కన్సల్టెన్సీల్లోనే మొదలుపెడతారు. తొలి జీతం మంచి సాఫ్ట్‌వేర్ ఆఫర్‌తో పోటీపడదు. ఇంటి మీద అప్పులుంటే ఆ సంగతి అమ్మాయితో ఇప్పుడే మాట్లాడండి.

అయినా చదివించమనే నా సలహా. రవాణానూ భూ వినియోగాన్నీ కలిపి ప్లాన్ చేయాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. 2017 మెట్రో రైలు విధానం దాన్ని డబ్బుతో ముడిపెట్టింది: కేంద్ర సాయం కావాలంటే ఉమ్మడి రవాణా సంస్థ, స్టేషన్ల చుట్టూ అభివృద్ధి, ఫీడర్ సర్వీసులు (స్టేషన్‌కు చేర్చే బస్సుల్లాంటివి), అన్నిటికీ లెక్క చూపాలి. ఆ లెక్కలు కట్టేది ప్లానర్లే.

అదే ఏడాది వచ్చిన టీఓడీ (రవాణా కేంద్రంగా అభివృద్ధి) విధానం స్టేషన్‌కు 500 నుంచి 800 మీటర్ల లోపు ఇళ్లు, ఆఫీసులు దట్టంగా రావాలంటుంది. అక్కడ ఎఫ్‌ఎస్‌ఐ, అంటే ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే పరిమితి, పెంచితే బిల్డర్లు వస్తారని దాని ఆలోచన. కానీ హైదరాబాద్‌లో 2006లోనే ఆ పరిమితి తీసేశారు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సరిపోతే మెట్రో లేని కోకాపేటలోనూ టవర్లు లేస్తున్నాయి. మరి బిల్డర్‌ని స్టేషన్ దగ్గరికి రప్పించేదెలా? దీనికి జవాబు వెతికేవాళ్లు ఈ ఊరికి చాలా అవసరం.

ఈ ఆదివారం అమ్మాయిని ఎల్బీ నగర్ స్టేషన్ నుంచి ఒక్కో దిక్కుకు పది నిమిషాలు నడవమనండి. ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోయింది, బస్టాప్ ఎంత దూరం, షేర్ ఆటోలు ఎక్కడ ఆగుతున్నాయి, ఖాళీ స్థలాలెన్ని... అన్నీ మ్యాప్ మీద గీసుకోవాలి. సాయంత్రానికి విసుగొస్తే ఈ చదువు తనకు పడదు. ఇంకో స్టేషన్ చూస్తానంటే మీరు అడ్డుచెప్పకండి.

మూడో ఏడాది నుంచే గేట్ రాయొచ్చు. సివిల్‌తో పాటు ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ కూడా రాయమనండి. విజయవాడ, ఢిల్లీ ఎస్‌పీఏల్లో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) రవాణా ప్లానింగ్‌లో ఎం.ప్లాన్ ఉంది. వరంగల్ ఎన్‌ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్ కూడా మంచిదే, కానీ అది ఇంజినీరింగ్ వైపు మొగ్గుతుంది. భూమి వ్యవహారం మీదే మనసుంటే ఎం.ప్లాన్‌కే ముందు ఓటు. ఈలోపు మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోమనండి, అది ఉచితం.