ఒకే మానిటర్, రెండు కంప్యూటర్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంట్లో డెస్క్‌టాప్ ఉంది. ఆఫీసువాళ్లు లాప్‌టాప్ ఇచ్చారు. 24 అంగుళాల మానిటర్ ఒక్కటే. పగలు లాప్‌టాప్‌కి, సాయంత్రం డెస్క్‌టాప్‌కి కేబుళ్లు పీకి మార్చుకుంటున్నాను. షాపులో అడిగితే కేవీఎం స్విచ్చి, అంటే ఒకే కీబోర్డు, మానిటర్, మౌసుని రెండు కంప్యూటర్ల మధ్య మార్చే డబ్బా, తీసుకోమన్నారు. తీసుకోమంటారా? (విజయవాడ)

జవాబు: డబ్బు తీసే ముందు మానిటర్ వెనక్కి ఒకసారి తొంగి చూడండి. ఈమధ్య వచ్చిన మానిటర్లలో చాలావాటికి వీడియో సాకెట్లు రెండు ఉంటాయి. కింది రెండు మూలలూ కోసినట్టుంటే అది హెచ్‌డీఎంఐ, ఒక్క మూలే కోసినట్టుంటే డిస్‌ప్లేపోర్ట్, మూడు వరసల్లో 15 రంధ్రాలుంటే వీజీఏ. రెండు సాకెట్లున్నాయంటే మీకు కేవీఎం అక్కర్లేదు. డెస్క్‌టాప్‌ని ఒకదానికి, లాప్‌టాప్‌ని రెండోదానికి శాశ్వతంగా తగిలించేయండి. ఏది కావాలో మానిటర్ మీది ఇన్‌పుట్ బటన్‌తో మార్చుకోవచ్చు.

ఇక మిగిలింది కీబోర్డు, మౌసు. వాటికి యూఎస్‌బీ షేరింగ్ స్విచ్చి అని చిన్న డబ్బా దొరుకుతుంది. ఒక వైపు కీబోర్డు, మౌసు పెట్టే సాకెట్లు, ఇంకో వైపు రెండు కంప్యూటర్లకూ వెళ్లే రెండు కేబుళ్లు ఉంటాయి. పైన బటన్ నొక్కితే కీబోర్డు, మౌసు రెండూ కలిసి అటు నుంచి ఇటు మారతాయి. కేబుళ్లు డబ్బాతో పాటే వస్తున్నాయో లేదో కొనేటప్పుడే చూసుకోండి. కొన్ని మోడళ్లకు ఒక చివర మామూలు యూఎస్‌బీ, ఇంకో చివర ప్రింటర్‌కి పెట్టే చదరపు పిన్ను ఉన్న కేబుళ్లు రెండు విడిగా కొనాలి. కేవీఎం ధర కన్నా ఇది చాలా తక్కువలో తేలిపోతుంది. పైగా వీడియో ఏ డబ్బా గుండానూ పోదు కాబట్టి బొమ్మ నాణ్యతకు ఢోకా లేదు.

మానిటర్ మెనూలో ఆటో ఇన్‌పుట్ అనేదాన్ని మాత్రం ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఒక కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లగానే తెర తనంతట తానే రెండోదానికి దూకుతుంది. కీబోర్డు ఒక దాంట్లో, బొమ్మ ఇంకోదాంట్లో ఉండిపోయి, టైపు చేసింది ఎటు పోతోందో అర్థం కాదు.

రెండు బటన్లు నొక్కడం విసుగనిపిస్తే ఒక మార్గం ఉంది. మానిటర్‌కి కంప్యూటర్ నుంచే ఆదేశాలు పంపే పద్ధతిని డీడీసీ సీఐ అంటారు. మానిటర్ మెనూలో దాన్ని ఆన్ చేసి, డెస్క్‌టాప్‌లో నిర్‌సాఫ్ట్ వారి ఉచిత ప్రోగ్రామ్ కంట్రోల్‌మైమానిటర్ తెరవండి. అందులో 60 అనే కోడ్ ఇన్‌పుట్ ఎంపికది. దాని విలువ 15 పెడితే మొదటి డిస్‌ప్లేపోర్ట్, 17 పెడితే మొదటి హెచ్‌డీఎంఐ, 18 పెడితే రెండో హెచ్‌డీఎంఐ వస్తుంది. కొన్ని కంపెనీల మానిటర్లు సొంత అంకెలు వాడతాయి. అందుకే ముందు ఏ ఇన్‌పుట్‌లో ఉన్నప్పుడు ఏ అంకె చూపిస్తోందో రాసిపెట్టుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లో ప్రోగ్రాములు వేయనివ్వరు కాబట్టి లాప్‌టాప్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మానిటర్ బటనే గతి. అది పెద్ద కష్టమేమీ కాదు.

సాకెట్ ఒక్కటే ఉంటేనో, రోజుకు ఇరవై సార్లు అటూ ఇటూ మారే పని మీదైతేనో కేవీఎం తీసుకోండి.

ప్రశ్న: రెండు పోర్టుల హెచ్‌డీఎంఐ కేవీఎం కొన్నాను. పనిచేస్తోంది. కానీ అటు వెళ్లి ఇటు వచ్చేసరికి తెరిచి ఉంచిన విండోలన్నీ ఒక మూలకు చేరి, చిన్నవైపోతున్నాయి. ఒక్కోసారి రిజల్యూషన్ కూడా పడిపోతోంది. డబ్బా పాడైందా? (హనుమకొండ)

జవాబు: పాడవలేదు. అందులో ఒక సదుపాయం లేదంతే. చాలా చవక కేవీఎంలతో వచ్చే తంటా ఇదే, కొనేవాళ్లకు ఎవరూ చెప్పనిదీ ఇదే.

ప్రతి మానిటర్‌లోనూ దాని జాతకం లాంటి చిన్న సమాచారం ఉంటుంది. పేరు ఈడీఐడీ. కంపెనీ, మోడల్, ఏ ఏ రిజల్యూషన్లు చూపగలదు, సెకనుకు ఎన్నిసార్లు చూపగలదు అన్నవి అందులో రాసి ఉంటాయి. దాని మొదటి భాగం మొత్తం 128 బైట్లే. కేబుల్ పెట్టగానే కంప్యూటర్ చదివేది దీన్నే. హెచ్‌డీఎంఐలో 19వ పిన్నుకు ఇంకో పని ఉంది. అవతల మానిటర్ ఉందా లేదా అన్నది కంప్యూటర్‌కి తెలిసేది ఆ పిన్ను ద్వారానే. మీ కేవీఎం బటన్ నొక్కినప్పుడు, వదిలేసిన కంప్యూటర్ వైపు ఈ పిన్ను తెగిపోతుంది. మానిటర్‌ని ఎవరో పీకేశారని ఆ కంప్యూటర్ అనుకుంటుంది. విండోలను మిగిలిన తెర మీదకు తోస్తుంది, అదీ లేకపోతే చిన్న రిజల్యూషన్‌కి దిగిపోతుంది. మీరు తిరిగి వచ్చేసరికి కనిపించే చిందరవందర అదే.

ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉన్న కేవీఎం మానిటర్ జాతకాన్ని తన దగ్గర కాపీ చేసి పెట్టుకుని, రెండు కంప్యూటర్లకూ ఎప్పుడూ చూపిస్తూనే ఉంటుంది. కొనేటప్పుడు పెట్టె మీద ఈ మాట వెతకండి. కనపడకపోతే లేదనే లెక్క.

కొనేశారు కాబట్టి ముందు ఖర్చు లేని దారి చూడండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ దాకా వెళ్లండి. విండోల స్థానాలను మానిటర్‌ని బట్టి గుర్తుపెట్టుకోమనే గడిలో టిక్ పెట్టండి. మానిటర్ ఊడితే విండోలను మినిమైజ్ చేయమనే గడిలో టిక్ తీసేయండి. చాలామందికి దీంతోనే ఊరట దొరుకుతుంది. రిజల్యూషన్ పడిపోవడం మాత్రం దీంతో తగ్గదు. దానికి కంప్యూటర్‌కీ కేవీఎంకీ మధ్య పెట్టే హెచ్‌డీఎంఐ ఈడీఐడీ ఎమ్యులేటర్ ముక్క కావాలి. కంప్యూటర్‌కి ఒకటి చొప్పున రెండు తీసుకోండి. ఒక వైపు నుంచి బొమ్మ వచ్చి ఇంకో వైపు నుంచి ముందుకు పోయేలా, రెండు వైపులా కనెక్షన్ ఉన్నదే కొనాలి. ఒక వైపే పిన్ను ఉండే డమ్మీ ప్లగ్ వేరు. దాని గుండా బొమ్మ ముందుకు పోదు. ఖాళీగా ఉన్న ఇంకో పోర్టులో దాన్ని గుచ్చితే లేని మానిటర్ ఒకటి పుట్టుకొచ్చి, మౌసు బాణం అందులోకి జారి కనిపించకుండా పోతుంది.

లాప్‌టాప్ మూత వేసి వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే ఏం చేయాలన్న చోట, కరెంటు ఉన్నప్పుడు ఏమీ చేయవద్దని పెట్టండి. మ్యాక్‌బుక్‌కి చార్జర్ తగిలించే ఉంచాలి. అయినా ఎమ్యులేషన్ లేని కేవీఎంతో అటు మారగానే మూతేసిన మ్యాక్‌బుక్ నిద్రలోకి జారుకుంటుంది. నడుస్తున్న డౌన్‌లోడ్ అక్కడితో ఆగిపోతుంది.

ప్రశ్న: పెట్టె మీద 4కే అని ఉంది. నాదీ 4కే మానిటరే. కేవీఎం పెట్టాక మౌసు బాణం ఈడ్చుకుంటూ కదులుతోంది. (బెంగళూరు)

జవాబు: సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేట్ చూడండి. 30 హెర్ట్జ్ అని ఉంటే కారణం దొరికినట్టే. హెచ్‌డీఎంఐ 1.4 రకం 3840×2160 బొమ్మను సెకనుకు 30 సార్లే మోయగలదు. 60 సార్లు కావాలంటే సెకనుకు 18 గిగాబిట్లు మోసే హెచ్‌డీఎంఐ 2.0 కావాలి. పెట్టె మీద 4కే పక్కన 60 హెర్ట్జ్ అని లేకపోతే అది 30 అనే అనుకోండి. డబ్బా ఒక్కటే మారిస్తే చాలదు. కంప్యూటర్ పోర్టు, కేబుల్, కేవీఎం, రెండో కేబుల్, మానిటర్ సాకెట్ ఈ అయిదింటిలో ఏది తక్కువదైతే మొత్తం ఆ స్థాయికే దిగుతుంది. కేబుళ్లు ప్రీమియం హై స్పీడ్ అని ఉన్నవి, ఒక్కోటి మీటరున్నర మించకుండా తీసుకోండి. కేవీఎంకి ముందు, తర్వాత ఉన్న పొడవులు కలిసి లెక్కకు వస్తాయి. తెర మీద తెల్లటి చుక్కలు మెరిసినా, సెకను పాటు నల్లబడి తిరిగి వచ్చినా ముందు కేబుల్‌నే అనుమానించండి.

1920×1080 మానిటర్ ఉన్నవాళ్లకు 60 హెర్ట్జ్ వరకు ఈ గొడవేదీ లేదు.

కన్వర్టర్ల విషయంలో దిక్కు మర్చిపోవద్దు. డెస్క్‌టాప్ డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ కేవీఎంకి చవక కేబుల్ సాధారణంగా సరిపోతుంది. లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేవీఎంకి ఆ కేబులే తిరగేసి పెడితే బొమ్మ రాదు. దానికి యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునే వేరే కన్వర్టర్ ఉంటుంది.

ప్రశ్న: స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కితే మారుతుందని కేవీఎం కాగితంలో ఉంది. నొక్కినా ఏమీ కావట్లేదు. మౌసు పక్క బటన్లు కూడా పోయాయి. (విశాఖపట్నం)

జవాబు: డబ్బా మీద కీబోర్డు, మౌసు బొమ్మలున్న సాకెట్లు వేరు, మామూలు యూఎస్‌బీ సాకెట్లు వేరు. బొమ్మలున్న సాకెట్లలో పెడితే కేవీఎం మీ కీబోర్డు స్థానంలో ఒక సాదా కీబోర్డును రెండు కంప్యూటర్లకూ చూపిస్తుంది. మారడం వెంటనే జరుగుతుంది, స్క్రోల్ లాక్ పనిచేస్తుంది. కానీ సాదా మౌసుకు లేని అదనపు బటన్లు అవతలికి చేరకపోవచ్చు. మామూలు సాకెట్లో పెడితే అన్నీ చేరతాయి. మార్చిన ప్రతిసారీ కంప్యూటర్ కొత్తగా గుర్తుపట్టడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, స్క్రోల్ లాక్ మాత్రం కేవీఎంకి వినపడదు. కాబట్టి కీబోర్డుని బొమ్మ సాకెట్లో, మౌసుని మామూలు సాకెట్లో పెట్టి చూడండి.

వైర్‌లెస్ మౌసు తడబడుతుంటే దాని డాంగిల్‌ని, అంటే యూఎస్‌బీలో గుచ్చే చిన్న ముక్కని, మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ మీద డబ్బాకి దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ డాంగిళ్లను చెడగొడుతుంది. పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్కు ఇక్కడ పెట్టకపోవడమే మేలు. బటన్ నొక్కడమంటే ఇజెక్ట్ చేయకుండా పీకేయడమే. ఫైళ్లు పోవచ్చు.

ప్రశ్న: రెండు కంప్యూటర్లూ కేవీఎంకి తగిలించేటప్పుడు కేబుల్ లోహపు చివర ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. ప్రమాదమా? (కర్నూలు)

జవాబు: ఈ ఉత్తరాన్ని తేలిగ్గా తీసుకోలేం. మూడు పిన్నుల సాకెట్లో పైనున్న పెద్ద రంధ్రం ఎర్త్. మన పాత ఇళ్లలో చాలాచోట్ల ఆ రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. డెస్క్‌టాప్ పవర్ సప్లైలో విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపే కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే అవి క్యాబినెట్ మీద దాదాపు సగం మెయిన్స్ వోల్టేజీని, అంటే 115 వోల్టుల దాకా నిలబెడతాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ ఒక కంప్యూటర్‌కి ఎర్త్ ఉండి, రెండోదానికి లేకుండా హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే ఆ తేడా కేబుల్ గుండానే పారుతుంది. తగిలించే క్షణంలో పోర్టు చిప్ కాలిపోవచ్చు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కొలిపించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టులకు దగ్గరగా రావాలి. ఏమీ రాకపోతేనో, చాలా తక్కువ వస్తేనో ఎర్త్ లేనట్టే. బాగయ్యాక కంప్యూటర్లు, మానిటర్, కేవీఎం అడాప్టర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి. ఎర్త్ వచ్చేదాకా కేబుల్ తగిలించేటప్పుడు అన్నిటి ప్లగ్గులూ గోడ నుంచి తీసేయండి. స్విచ్చి ఆపితే చాలదు. ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు ఆ లైను సాకెట్లకూ ఎర్త్ ఉందో లేదో విడిగా చూపించుకోవాలి.

ప్రశ్న: డబ్బా ఏదీ కొనకుండా సాఫ్ట్‌వేర్‌తో కుదరదా? (హైదరాబాద్)

జవాబు: కీబోర్డు, మౌసు వరకు కుదురుతుంది, మానిటర్ కుదరదు. రెండూ విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో 2023 నుంచి మౌస్ వితౌట్ బోర్డర్స్ ఉంది. ఒకే వైఫై మీద నాలుగు కంప్యూటర్ల దాకా కలపవచ్చు. మౌసు తెర అంచు దాటితే పక్క కంప్యూటర్‌లోకి వెళ్తుంది, కాపీ చేసింది అక్కడ పేస్ట్ అవుతుంది. కేవీఎంతో ఈ కాపీ పేస్ట్ రాదు. అయితే ప్రతి కంప్యూటర్‌కీ సొంత తెర ఉండాలి. లాప్‌టాప్ మూత తీసి మానిటర్ పక్కన పెట్టుకునేవాళ్లకు ఇదే హాయి. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం ఐటీ విభాగాన్ని అడగకుండా వేయకండి.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్నాయి. దానికి వీజీఏ ఒక్కటే. కొత్తదానికి హెచ్‌డీఎంఐ. ఒకే కీబోర్డు మీద రెండూ నడపాలి. తెలుగు లేఅవుట్ దెబ్బతింటుందా? (తెనాలి)

జవాబు: లేఅవుట్‌కి ఏమీ కాదు. కీబోర్డు పంపేది ఏ స్థానంలోని మీట నొక్కారన్నదే. అది ఏ అక్షరమో తేల్చేది ఆ కంప్యూటరే. పాతదాంట్లో ఆపిల్ లేఅవుట్, కొత్తదాంట్లో ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకున్నా దేని దారి దానిదే.

మానిటర్‌కి వీజీఏ సాకెట్ ఉంటే పాతదాన్ని నేరుగా దానికే పెట్టి, మెనూలో ఆటో అడ్జస్ట్ నొక్కండి. లేకపోతే వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే, యూఎస్‌బీ కరెంటు తీసుకునే కన్వర్టర్ కావాలి. పాత గ్రాఫిక్స్‌లో 1920×1080 రాకపోతే అక్షరాల అంచులు మసకబారతాయి. గుణింతాలు, ఒత్తులు చూసి ప్రూఫ్ దిద్దేవాళ్లకు అది ఇబ్బందే, కాబట్టి కన్వర్టర్ కొనేముందు ఎక్స్‌పీ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ రిజల్యూషన్ ఉందో లేదో చూడండి.

కీబోర్డు, మౌసులకు యూఎస్‌బీ షేరింగ్ స్విచ్చి చాలు. పాత కంప్యూటర్ బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్) యూఎస్‌బీ కీబోర్డు సపోర్ట్‌ని ముందే ఎనేబుల్ చేయండి, లేకపోతే ఆన్ చేయగానే కీబోర్డు ఎర్రర్ అని ఆగిపోవచ్చు. గుండ్రటి పీఎస్2 పిన్నులున్నవి వాడితే మాత్రం కంప్యూటర్ ఆన్‌లో ఉండగా పీకి పెట్టకండి. సాఫ్ట్‌వేర్ లాక్ డాంగిల్ (అది గుచ్చి ఉంటేనే ప్రోగ్రామ్ నడిచే ముక్క) ఉంటే దాన్ని స్విచ్చిలో కాకుండా పాత కంప్యూటర్‌కే గుచ్చి ఉంచండి. స్విచ్చిలో పెడితే అటు మారగానే డాంగిల్ ఊడినట్టయి ప్రోగ్రామ్ ఆగిపోతుంది, సేవ్ చేయని పేజీ పోతుంది.