పెళ్లికూతురి ముస్తాబు: మీ ప్రశ్నలు, మా జవాబులు

వైశాఖంలో మా అమ్మాయి పెళ్లి. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు, ఇంటి ముందు పందిట్లోనే. బ్యూటీషియన్ హెచ్‌డీ మేకప్‌కి ఒక రేటు, ఎయిర్‌బ్రష్‌కి దాదాపు రెట్టింపు చెప్తోంది. ఎయిర్‌బ్రష్ అయితే ఎంత చెమట పట్టినా చెక్కుచెదరదట. నిజమేనా? ఎన్నింటికి మొదలుపెట్టాలి?
– ఒక తల్లి, సోంపేట

సగం నిజం. ఎయిర్‌బ్రష్ అంటే చిన్న కంప్రెసర్‌తో ఫౌండేషన్‌ని సన్నటి తుంపరగా ముఖం మీద కొట్టడం. పొర పలచగా, సమానంగా పడుతుంది. సిలికాన్ రకం వాడితే చెమటకి బాగానే ఆగుతుంది. చిక్కెక్కడంటే, ఒకచోట చెరిగితే అతుకు వెయ్యడం కష్టం. అప్పగింతల వేళ కన్నీళ్లు చెంప మీద చార కట్టాయనుకోండి, అక్కడ స్పాంజి పెడితే చుట్టుపక్కలది కూడా లేచి వస్తుంది. హెచ్‌డీ అని చెప్పేది బ్రష్షుతోనో తడి స్పాంజితోనో అద్దే క్రీము ఫౌండేషనే. చెరిగిన చోట మళ్లీ అద్దుకోవచ్చు. హోమం ముందు గంటల తరబడి కూర్చునే పందిరి పెళ్లికి మా ఓటు దీనికే. మిగిలిన డబ్బు పెళ్లయ్యేదాకా పక్కనే ఉండే సహాయకురాలికి పెట్టండి, అక్కరకొస్తుంది.

మీ సముద్రం గాలికి చెమట తొందరగా ఆరదు. అందుకని ముందు చేసే పనులే ముఖ్యం. ముఖం కడిగాక పలచటి బట్టలో చుట్టిన ఐసుముక్కని ఒకేచోట ఆపకుండా రెండు నిమిషాలు తిప్పాలి. జెల్ మాయిశ్చరైజర్ శనగగింజంత రాసి పది నిమిషాలు ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. అది ఇంకకముందే పైన ఏది రాసినా జారిపోతుంది. ఫౌండేషన్ కింద అది నిలిచేలా రాసే ప్రైమర్ ముఖమంతా అక్కర్లేదు. నుదురు, ముక్కు, పై పెదవి మీద, గడ్డం దగ్గర చాలు. ప్రైమర్, ఫౌండేషన్ ఒకే జాతివి కావాలి. డబ్బా మీద పదార్థాల పట్టికలో మొదటి మూడు నాలుగు పేర్లలో డైమెథికోన్, సైక్లోపెంటాసిలోక్సేన్ లాంటివి ఉంటే అది సిలికాన్ రకం. దాని మీద నీటి రకం వేస్తే నలుసులు నలుసులుగా ఉండ కడుతుంది. ఫౌండేషన్ ఒకేసారి దట్టంగా కాకుండా రెండు పలచటి పూతలు వేయించండి. మధ్యలో మూడు నాలుగు నిమిషాలు ఆరనివ్వాలి. ఆఖర్న లూజు పౌడర్‌ని పఫ్‌తో నొక్కాలి, రుద్దకూడదు.

పీటల మీద చెమట పడితే టిష్యూని పొరలు విడదీసి ఒక్క పొరతో నొక్కి తియ్యాలి. తడి పోయాకే పౌడర్. చెమట మీద పౌడర్ వేస్తే ముద్ద కట్టి, అరగంటలో బీటలు తీస్తుంది. ప్రేమకొద్దీ పమిట చెంగుతో ముఖం తుడిచే మేనత్తలకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి!

ఇక టైము. గౌరీపూజకి 1.15కి కూర్చోబెడతారనుకుందాం. మేకప్‌కి గంటన్నర, జడకి గంట, చీరకీ నగలకీ ముప్పావుగంట. అంటే పది గంటలకి కుర్చీలో ఉండాలి. కరెంటు పోవడాలు, పలకరింపులు లెక్కేసుకుని తొమ్మిదిన్నర అనుకోండి. ఉపవాసం లేకపోతే లిప్‌స్టిక్‌కి ముందే ఏదైనా తినిపించండి. తర్వాత కొబ్బరినీళ్లు స్ట్రాతో తాగొచ్చు.

పెళ్లికూతుర్ని చేసేటప్పుడు మా ఇంట్లో ముఖానికి పసుపు దట్టంగా పట్టిస్తారు. అక్క పెళ్లిలో ఎంత కడిగినా పోక ఫొటోల్లో ముఖం పచ్చగా పడింది. పైగా మంగళస్నానమప్పుడు నూనె పెట్టి తలంటితే జుట్టు తడి ఆరక పూలజడ జారిపోయింది. వద్దంటే పెద్దవాళ్లకి కోపం. ఏం చెయ్యాలి?
– పాఠకురాలు, చీపురుపల్లి

వద్దనక్కర్లేదు. పసుపు రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. సబ్బుతో పదిసార్లు కడిగినా పోకపోవడానికి కారణం అదే. ముందు కొబ్బరినూనె ముంచిన దూదితో ముఖం ఒకటి రెండు నిమిషాలు మెల్లగా తుడవండి. దూది పచ్చబడుతుంటే మార్చండి. తర్వాత పాలలో కలిపిన శనగపిండి, ఆఖర్న ఫేస్‌వాష్. నూనె జిడ్డు ఏ కాస్త మిగిలినా మేకప్ నిలవదు కాబట్టి ఈ ఫేస్‌వాష్ మానకూడదు. జుట్టు మొదళ్లు, చెవుల వెనక, కనుబొమల్లో పసుపు దాక్కుంటుంది, అక్కడ చూసుకోండి. నిమ్మకాయ మాత్రం రుద్దొద్దు. మంట పుడుతుంది, ఆ పైన ఎండ తగిలితే నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది.

అంతకన్నా సులువు, నలుగుపిండి రెండు గిన్నెల్లో కలపడం. ముఖం గిన్నెలో కప్పు శనగపిండి, అరకప్పు పెసరపిండి, పావుచెంచా పసుపు. చేతులకీ కాళ్లకీ వాడే గిన్నెలో పెద్దవాళ్ల ఇష్టం. ఎవరి చెయ్యి ఏ గిన్నెలో పడుతోందో చూడటానికి ఒక చెల్లెల్ని కాపలా పెట్టండి.

జుట్టుకి ముందురోజు సాయంత్రమే షాంపూ చెయ్యండి. కండిషనర్ చివర్లకే, మొదళ్లకి తగిలితే పిన్నులు నిలవవు. మంగళస్నానంలో నూనె నడినెత్తిన నాలుగు చుక్కలు పెడితే శాస్త్రం తీరిపోతుంది. ఆ నాలుగు చుక్కలూ కొంచెం షాంపూతో పోతాయి, డ్రయ్యర్‌తో మొదళ్లు ఆరబెడితే చాలు. ఇక్కడో చిన్నమాట: డ్రయ్యర్ వెయ్యి వాట్లకి పైనే లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టుకున్న ఇన్వర్టర్ మోయలేదు. వేసవి గాలివానకి కరెంటు పోతే జనరేటరే దిక్కు.

పూలజడ బరువంతా మెడ దగ్గర పిన్నుల మీద వేస్తే జారుతుంది, తలనొప్పి కూడా వస్తుంది. లోపల సవరంతో గట్టిగా అల్లిన జడకి, పై పూలజడని మెడ దగ్గర, నడివీపున, నడుము దగ్గర దారంతో కుట్టి కట్టించండి. పిన్నులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఇంటూ గుర్తులా పడాలి. జీలకర్ర బెల్లం పెట్టేది నడినెత్తినే కాబట్టి పాపిడి బిళ్ల పిన్నుల్ని అక్కణ్నించి కాస్త పక్కకి తప్పించమనండి. ఆ ముద్ద గట్టిగా నూరించి తమలపాకులో పెడితే బెల్లం పాకం నుదుటి మీదికి కారదు.

నాది చామనఛాయ. ట్రయల్ మేకప్ వేశాక ముఖం బూడిదరంగులో కనిపించింది. మెడ, చేతులు వేరే మనిషివిలా ఉన్నాయి. "ఏటే, గోడకి సున్నం కొట్టించినట్టు ఉంది" అంటోంది మా నానమ్మ. బ్యూటీషియనేమో పెళ్లికి తెల్లగా ఉండాలి అంటోంది.
– పెళ్లికూతురు, రాజాం

మీ నానమ్మగారి కన్నే కన్ను. మన చామనఛాయలో లోపల పసుపు, బంగారు జాడ ఉంటుంది. గులాబీ జాడున్న లేతరంగు ఫౌండేషన్ దాని మీద వేస్తే బూడిదరంగు తేలుతుంది. రెండు షేడ్లు తెల్లగా వెయ్యడాన్ని మేకప్ అనరు. షేడు ముంజేతి మీద కాదు, దవడ అంచున చూడాలి. మూడు షేడ్లు దవడ నుంచి మెడ మీదికి గీతలుగా గీసి, పగటి వెలుగులో వాకిట్లో నిలబడి చూడండి. ఏ గీత కనబడకుండా కలిసిపోతే అదే మీది. వెంటనే తేల్చెయ్యొద్దు. కొన్ని ఫౌండేషన్లు చర్మం జిడ్డు తగిలి పావుగంట, ఇరవై నిమిషాల్లో ముదురుతాయి. అప్పుడు మళ్లీ చూడాలి.

కళ్ల కింద నలుపుంటే దాని మీద నేరుగా లేత కన్సీలర్ (మచ్చలు కప్పే క్రీము) వేసినా బూడిదే. ముందు నారింజరంగు కరెక్టర్ పలచగా, నలుపున్నంత మేరకే అద్ది, దాని మీద మీ రంగు కన్సీలర్ వెయ్యాలి.

ట్రయల్ అయ్యాక గదిలో లైట్లార్పి ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసుకోండి. ముఖం మాత్రమే తెల్లగా మెరిసిందంటే తప్పు పౌడర్‌దో సన్‌స్క్రీన్‌దో. సిలికా ఎక్కువగా ఉన్న తెల్ల పౌడర్లు, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్లు ఫ్లాష్ వెలుగుని తిరగ్గొడతాయి. అద్దంలో ఇది కనిపించదు, ఆల్బం వచ్చాకే తెలుస్తుంది. పసుపు జాడున్న పౌడర్ అడగండి.

మెడకీ, చెవులకీ, వీపు కనిపించే మేరకూ అదే రంగు పలచగా వేసి పౌడర్‌తో బాగా నొక్కించండి. ముఖ్యంగా మీ ఇంట్లో మధుపర్కాలు కట్టే ఆనవాయితీ ఉంటే. తెల్లచీరకి అంటిన ఫౌండేషన్ ఎర్ర అంచు పక్కన కొట్టొచ్చినట్టు కనబడుతుంది. జాకెట్టుకి ముందు హుక్సులుంటే తల మీంచి లాగే పని తప్పుతుంది.

బాసికం కట్టాక నుదుటి మీద మేకప్ గీతలుగా లేచిపోతుందట. కుంకుమ బొట్టు చెమటకి కారకుండా ఏమైనా ఉపాయం ఉందా? స్టిక్కర్ పెడితే నాకు దురద.
– పాఠకురాలు, నరసన్నపేట

బాసికం తేలికగా ఉన్నది ఎంచుకుని, నుదుటికి ఆనేవైపు మెత్తటి తెల్లబట్ట అతికించండి. గీతలు పడేది దారం వల్ల. దారం వెళ్లే దారిలో ఫౌండేషన్ ఒక్క పూతే వేసి, పౌడర్ ఎక్కువ నొక్కాలి. మొదటిసారి కట్టినచోటే ఉంచాలి, సర్దుతున్నకొద్దీ చెరుగుతుంది.

బొట్టుకి పాతపద్ధతే మేలు. మైనం వేలితో వేడెక్కేలా రుద్ది, బొట్టంత మేర పలచగా రాసి, పొడి కుంకుమ అద్దండి. మిగిలినది మెత్తటి బ్రష్షుతో దులిపేయాలి. నీళ్లలా ఉండే ఎర్రబొట్టు చెమటకి కారి ముక్కు మీదికి దిగుతుంది. బుగ్గచుక్క ఇంటి కాటుకతో కాకుండా వాటర్‌ప్రూఫ్ జెల్ లైనర్‌తో పెట్టించుకోండి. లిప్‌గ్లాస్ వద్దు, తలంబ్రాల బియ్యం వచ్చి అతుక్కుంటాయి. లిప్‌స్టిక్ ఒక పూత, టిష్యూతో ఒత్తడం, కొంచెం పౌడర్, మళ్లీ పూత. ఇలా చేస్తే తెల్లారేదాకా ఉంటుంది.

కళ్లజోడు లేకపోతే నాకేమీ కనబడదు. లెన్సులు పెట్టుకోనా?
– బొబ్బిలి

అలవాటుంటే పెట్టుకోండి, మేకప్‌కి ముందే. పెళ్లికోసం కొత్తగా మాత్రం వద్దు. హోమం పొగకి కళ్లు మండితే నలపడానికీ ఉండదు. అరుంధతిని చూపించేవేళకి ఎలాగూ పురోహితుడు చెయ్యి పెట్టి చూపిస్తారు!

పెళ్లికి ఇరవై రోజులుంది. వారంలో రంగు తెస్తుందని తెలిసినవాళ్లు ఒక క్రీము ఇచ్చారు. నాలుగు రోజులకే తెల్లబడ్డాను, కానీ ఎండలోకెళ్తే మంట. కొనసాగించనా? నల్ల మెహందీ కోను కూడా పెట్టించుకోవాలనుంది.
– విజయనగరం

కొనసాగించొద్దు. అంత తొందరగా రంగు మార్చే పేరులేని క్రీముల్లో తరచూ క్లోబెటసాల్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు, కొన్నిట్లో పాదరసం ఉంటాయి. చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. దీనికి పార్లర్ కాదు, చర్మవ్యాధుల డాక్టరు కావాలి. క్రీము డబ్బా తీసుకుని ఈ వారంలోనే వెళ్లండి. మంట తగ్గేదాకా బ్లీచ్, ఫేషియల్, వాక్సింగ్ ఏవీ వద్దు. ఆరోగ్యంగా ఉన్న చర్మానికైనా ఫేషియల్ పెళ్లికి వారం పది రోజుల ముందే ఆఖరు. కనుబొమలు, వాక్సింగ్ మూడు రోజుల ముందు. పాదాలు వాక్స్ చేసిన మర్నాడే పారాణి పెడితే అందులోని సున్నం మండుతుంది.

నల్లకోను ముట్టుకోవద్దు. గోరింటాకు సహజంగా నల్లగా పండదు. ఆ నలుపు పీపీడీ అనే జుట్టురంగు రసాయనానిది, బొబ్బలెక్కితే మచ్చలు నెలల తరబడి ఉంటాయి. ఆకు రుబ్బి పెళ్లికి రెండు రోజుల ముందు రాత్రి పెట్టుకోండి. తీసిన మొదటిరోజు నారింజగా ఉంటుంది, రెండోరోజుకి ముదురుతుంది. తీశాక పన్నెండు గంటలు నీళ్లు తగలనివ్వకపోతే ఇంకా బాగా పండుతుంది.